మూత బిగించిన డ్రమ్ము

స్నేహితులు అతన్ని ఆదర్శం అని పిలిచేవారు. మొదట్లో అది వెక్కిరింపే. కానీ వెక్కిరింపును పొగడ్తగా పుచ్చుకునే గుణం అతనికి పుట్టుకతో వచ్చింది. పైఅధికారితో మాటామాటా పెంచుకుని ఉద్యోగం మానేసిన వారంలోనే, "బిడ్డను పెంచడం కోసం మానేశాను" అని నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకో వారం గడిచేసరికి ఆ మాట తనే నమ్మేశాడు.

బిడ్డ అప్పటికి ఇంకా పాకడం నేర్చుకోలేదు. ఇంట్లో అందరికీ అది బుజ్జిది. తల్లి పళ్ళ డాక్టరు. సెలవు అయిపోవచ్చింది. క్లినిక్కుకు వెళ్ళే రోజు దగ్గరపడుతున్నకొద్దీ, పాపను ఎవరి చేతుల్లో పెట్టాలా అని ఆమె లోలోపల కుమిలిపోతోంది. అలాంటప్పుడు మొగుడు "నేనున్నానుగా" అంటే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ కన్నీళ్ళు తలచుకుని ఆమె తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకుంది.

గుడ్డ డైపర్లు వాడాలన్నదీ అతని నిర్ణయమే. వాడి పారేసే డైపర్లు భూమికి ఎంత చేటో, పసిపిల్లల ఒంటికి ఎంత ప్రమాదమో అతను ఫోనులో చదివాడు. చదివినదాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదు. లిఫ్టులో కలిసినవాళ్ళకు చెప్పాడు, కూరగాయల దుకాణంలో వరసలో నిలబడ్డవాళ్ళకు చెప్పాడు. పాలు పోసే మనిషికి సైతం చెప్పాడు. ఏనుగుల బొమ్మలవీ, పడవల బొమ్మలవీ మెత్తటి గుడ్డ డైపర్లు ఒక పెట్టె నిండా తెప్పించాడు.

"బాగానే ఉన్నాయండీ. ఉతికేదెవరు?" అంది డాక్టరమ్మ.

"నేనే. నా బిడ్డ గుడ్డలు నేను ఉతుక్కోలేనా?"

అన్నంత పనీ చేశాడు కూడా, కొన్నాళ్ళు. వెనకవైపు బట్టలుతికే వసారాలో తీగ కట్టి, ఉతికినవి వరసగా ఆరేసి, ఎండ పడుతుండగా ఫొటో తీసి ఊళ్ళో వాళ్ళందరికీ పంపాడు. "నాన్నంటే ఇలా ఉండాలి" అని పొగడ్తలు వచ్చిపడ్డాయి. ఫొటో తీశాక ఇక ఉతకడానికి అతనికి కారణం కనబడలేదు.

ఆ ఇంట్లో నాలుగో మనిషి అతని తండ్రి. జన్మంతా గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. కంట్లో భూతద్దం బిగించుకుని, ఈకంత పట్టకారుతో నలుసంత మరలు తీసి పెట్టిన చేతులు. దుమ్మంటే ఆయనకు ఆజన్మ శత్రువు. భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశాడు. వెనకవైపు చిన్న గది ఆయనది. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, కాలరు గుండీతో సహా పెట్టుకుని హాల్లోకి వచ్చేవాడు. వచ్చి బుజ్జిదాన్ని ఒళ్ళో వేసుకునేవాడు. పాప ఆయన చొక్కా గుండీలను నోటితో పీకడానికి చూస్తుంటే, "ఇవి నా దగ్గరున్నవాటిలో ఖరీదైన గుండీలు తల్లీ, అరగవు" అని నవ్వేవాడు.

ఆయన గది కిటికీ ఆ వసారాలోకే తెరుచుకుంటుంది. కిటికీ అంటే రెక్కలున్న కిటికీ కాదు, ఏటవాలు అద్దాలు బిగించినది. వాటిలో కొన్ని ఎప్పుడో ఊడిపోయాయి. సరిగ్గా దాని కిందే ఆదర్శం ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాడు. మురికి డైపర్లు అందులో పడేసి, సగం దాకా నీళ్ళు పోసి, మూత తిప్పి బిగించేవాడు.

"గాలి చొరబడదు. గాలి లేకపోతే వాసనా రాదు" అని పెళ్ళానికి వివరించాడు.

పాప దొడ్డికి వెళ్ళిన డైపరును ముందు కమోడ్‌లో దులపాలి, నీళ్ళు పట్టి జాడించాలి. ఆ పని అతనికి రోత. అందుకని దులపకుండానే మడిచి డ్రమ్ములో వేసేవాడు. రోజు విడిచి రోజు ఉతకవలసినవి వారం నిలవుండేవి. డ్రమ్ము నిండితే? దానికీ ఉపాయం ఉంది. అడుగువి తీసి నల్లటి చెత్త సంచుల్లో మూటగట్టి వాషింగ్ మెషిన్ వెనక్కి తోసేవాడు. పాప నడుముకి కట్టడానికి శుభ్రమైనవి లేకపోతే కొత్తవి తెప్పించేవాడు. ఉతకడానికి బద్ధకించి కొత్తవి కొన్న ఈ మనిషే, భూమి మీద చెత్త పెరిగిపోతోందని సాయంత్రం పార్కులో బాధపడేవాడు.

వాసన మొదలైంది.

ముందు సన్నగా, తడి గోనెసంచి ముక్కిపోయినట్టు. తర్వాత కళ్ళల్లో గుచ్చుకునే ఘాటు. మధ్యాహ్నం ఎండకు వసారా వేడెక్కిందంటే అది ఏటవాలు అద్దాల సందుల్లోంచి నేరుగా పెద్దాయన గదిలోకి దిగి, మంచం కిందా బీరువా లోపలా కాపురం పెట్టేది. డాక్టరమ్మ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే ముక్కు చిట్లించేది.

"ఏమిటండీ ఈ కంపు? డ్రమ్ములోంచి కాదు గదా?"

"ఛ, అది రోజు విడిచి రోజు ఉతుకుతున్నానే! కావాలంటే వెళ్ళి చూడు, ఎంత గట్టిగా మూసి ఉందో." ఆమె వెళ్ళి చూసింది. మూత బిగించే ఉంది. దాని మీద ఎప్పుడూ నిమ్మ వాసన మందు కొట్టి ఉంచేవాడు. "వాసన వచ్చేది నాన్న గదిలోంచి. వెళ్ళి చూడు" అన్నాడతను.

ఆమె పెద్దాయన గది గడపలో నిలబడింది. కంపు అక్కడే ఉంది, సందేహం లేదు. ఆయన మంచం మీద కూచుని ఏదో పాత గడియారం పట్టీ తుడుస్తున్నాడు. ఆమెను చూసి నవ్వాడు. ఆమె "భోజనానికి రండి మామయ్యా" అని వెనక్కి వచ్చేసింది. పగలంతా జనం నోళ్ళల్లో తలదూర్చి వచ్చిన అలసట ఒకటి. పెద్ద వయసు మనిషిని అలాంటి మాట ఎలా అడగాలన్న మొహమాటం మరొకటి. ఆమె ఊరుకుంది.

ఆదర్శం ఊరుకోలేదు. డ్రమ్ము సంగతి అతనికి తెలుసు. ఆ మూత తీసిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, లోపల పడేసి మూసేవాడు. అంతమాత్రం తెలియకపోవడానికి పసివాడు కాదు. అయినా ఒకరోజు తండ్రి గదిలోకి వెళ్ళి, మంచం అంచున కూచున్నాడు. గొంతులో అంత దయ తెచ్చుకోవడం చూస్తే వేరే ఎవరికైనా ఒళ్ళు మండేది.

"నాన్నా, ఏమనుకోకు. ఈ వయసులో తెలీకుండానే జరుగుతుంటాయి. సిగ్గుపడాల్సింది ఏం లేదు."

"ఏం జరుగుతుంటాయిరా?"

"అదే... వాసన. నీ దగ్గర కాస్త వస్తోంది. నీకు తెలియట్లేదు. ఎవరి వాసన వాళ్ళకి తెలియదు గదా."

పెద్దాయన చేతిలోని గడియారం పట్టీని పక్కన పెట్టాడు. గదిలో వాసన వస్తున్నట్టు ఆయనకూ తెలుసు. కొన్నాళ్ళుగా దాని మూలం వెతుకుతూనే ఉన్నాడు. అది తనే కావచ్చన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. కొడుకు దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టి పోయాడు.

ఆ రోజు నుంచి ఆయన పొద్దునా సాయంత్రం కూడా తల మీదుగా పోసుకోవడం మొదలుపెట్టాడు. చన్నీళ్ళా వేణ్ణీళ్ళా అని చూడలేదు. దుప్పట్లు తనే పిండుకున్నాడు. పరుపు మార్చమని అడగడానికి నోరు రాక, దాన్ని గోడకు నిలబెట్టి, ఉత్త చెక్క మీద పడుకున్నాడు. అందరితో కలిసి బల్ల దగ్గర తినడం మానేశాడు. "నాకు ఇక్కడికే పంపించమ్మా, కాళ్ళు నొప్పులు" అని కోడలికి చెప్పాడు. బుజ్జిది చేతులు చాస్తే దూరం నుంచే చిటికెలు వేసేవాడు తప్ప దగ్గరికి తీసుకునేవాడు కాదు. పాప కొంచెంసేపు చూసి, అర్థంకాక, మూతి ముడిచేది.

ఇదంతా ఆదర్శం చూశాడు. చూసి, తన పాచిక పారిందనుకున్నాడే తప్ప డ్రమ్ము దగ్గరికి పోలేదు. పైపెచ్చు ఒక సాయంత్రం మందుల దుకాణం నుంచి పెద్దవాళ్ళు కట్టుకునే డైపర్ల కట్ట ఒకటి తెచ్చి తండ్రి మంచం మీద పెట్టాడు. అవి వాడి పారేసేవే. అచ్చమైన ప్లాస్టిక్. భూమి గుర్తుకు రాలేదేమో.

"అవసరం ఉంటే వాడు నాన్నా" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ భవనం కింది హాల్లో చిన్న సమావేశం. అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి ఒకావిడ ఏర్పాటు చేసింది. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళకు గుడ్డ డైపర్ల వాడకం గురించి మాట్లాడమని ఆదర్శాన్ని పిలిచింది. అతను పొద్దుటినుంచీ అద్దం ముందు గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. భోజనం కాగానే ఉతికిన డైపరు ఒకటి, అంటే కొత్తది, చూపించడానికి చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

ఇంట్లో డాక్టరమ్మ పాపకు గుడ్డ మారుస్తోంది. తొడల మధ్య చర్మం ఎర్రగా కమిలి ఉంది. నాలుగు రోజులుగా పూత మందు రాస్తున్నా తగ్గడం లేదు. కట్టిన డైపరు మీద కొత్త బట్ట మెరుపు ఉంది. ఆ పడవల బొమ్మది మొన్న లేదే అనుకుంది. మొన్నటి ఏనుగులది ఏమైంది? పాపకు పూత మందు రాసి, ఎత్తుకుని మామగారి గదివైపు నడిచింది, కొబ్బరినూనె సీసా అక్కడుంటుందని.

పెద్దాయన చొక్కా విప్పి, చంకలూ మెడా తడిగుడ్డతో రుద్దుకుంటున్నాడు. రుద్ది రుద్ది చర్మం కందిపోయింది. కోడలిని చూసి చప్పున చొక్కా మీద కప్పుకున్నాడు. మంచం పక్కన ఆ కట్ట ఉంది, ఇంకా విప్పలేదు.

"ఇదేమిటి మామయ్యా?"

"వాడు తెచ్చాడమ్మా." ఆయన తల ఎత్తలేదు. "నాకు అవసరం లేదనే అనుకుంటున్నాను. కానీ నాకు తెలియట్లేదంటున్నాడు. నువ్వు డాక్టరువి గదా, దాచకుండా చెప్పమ్మా. అంత వస్తోందా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తనూ ఇన్నాళ్ళూ గడపలోంచే వెనక్కి తిరిగిన మనిషే. పాపను చంకన వేసుకుని దగ్గరగా వెళ్ళింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా భుజం మీద ముఖం పెట్టి గట్టిగా వాసన చూసింది. సబ్బు వాసన. ఇస్త్రీ వేడి ఇంకా పోని నూలు వాసన. అంతే.

"మీ దగ్గర ఏ వాసనా లేదు మామయ్యా."

"నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు."

"ఒట్టు. ఉండండి."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఊడిపోయిన అద్దాల సందులోంచి వేడిగాలి ముఖానికి కొట్టింది. ఆ గాలిలోనే ఉంది. వసారాలోకి నడిచి డ్రమ్ము మూతకు రెండు చేతులూ వేసి తిప్పింది. అది బిగుసుకుపోయింది. పాపను నేలమీద కూచోబెట్టి, మోకాళ్ళ మధ్య డ్రమ్ము పట్టుకుని, పంటి బిగువున తిప్పింది. మూత బుస్సుమని లేచింది.

ఆ గబ్బు ముక్కుకు కాదు, ముందు కళ్ళకు తగిలింది. ఆమె వంగిపోయి, దగ్గి, మళ్ళీ చూసింది. బూడిద రంగు నీళ్ళు. వాటి మీద నురగ. పడవలూ ఏనుగులూ ఒకదాన్నొకటి అతుక్కుని ఉబ్బి ఉన్నాయి. మడతల్లో దులపని దొడ్డి అలాగే గట్టిపడి, అంచుల వెంట నల్లటి బూజు చుక్కలు. పెద్దాయన వెనక వచ్చి నిలబడ్డాడు. ఆయనే వాషింగ్ మెషిన్ వెనక వేలు చూపించాడు. అక్కడ నల్ల సంచుల కుప్ప. ఒకదాని మూతి ఊడి, చీమలు వరసకట్టి ఉన్నాయి.

పెద్దాయన గోడకు ఆనుకుని మెల్లగా ఊపిరి వదిలాడు.

"అయితే నేను కాదన్నమాట" అన్నాడు.

డాక్టరమ్మకు ఆ మాట మీద ఏడుపు రావలసింది. రాలేదు. బిడ్డకు పూత మందు రాసినప్పుడూ, గడపలోంచి వెనక్కి తిరిగినప్పుడూ, అలసిపోయి ఇంటికొచ్చి "ఎంత కష్టపడుతున్నారో" అని మొగుడి భుజం నొక్కినప్పుడూ తను ఎంత వెర్రిదైపోయిందో ఒక్కసారిగా కనబడింది. ఆమె చేతులు కడుక్కుని, పాపను ఎత్తి ఆయన ముందు పెట్టింది.

"దీన్ని పట్టుకోండి. నాకు కిందికెళ్ళే పనుంది."

ఆయన తన అరచేతులు ఒకసారి చూసుకుని పాపను అందుకున్నాడు.

కింది హాలు నిండుగా ఉంది. పసిపిల్లల తల్లులు, ఇద్దరు ముగ్గురు మొగుళ్ళు, నిండు నెలల గర్భిణి ఒకామె. ఆదర్శం నిలబడి, చేతిలో డైపరు విప్పి చూపిస్తున్నాడు. డాక్టరమ్మ వెనక వరసలో కూచుని విన్నది.

"మల విసర్జన అయినదాన్ని వెంటనే కమోడ్‌లో దులిపేయండి. చల్లటి నీళ్ళు పట్టి జాడించండి. నీళ్ళల్లో నానబెట్టి ఉంచకూడదు, కుళ్ళిపోతుంది. మూత బిగించే డబ్బా అసలే వద్దు. గాలి ఆడకపోతే ఉచ్చ వాసన లోపలే పులిసి ఘాటెక్కుతుంది. చిల్లుల బుట్టలో గానీ, వదులుగా ఉండే గుడ్డ సంచిలో గానీ వెయ్యండి. కాస్త వంటసోడా చల్లండి. రోజు విడిచి రోజు ఉతికేయండి. ఎండలో ఆరబెట్టండి. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య లేదు."

ప్రతి ముక్కా నిజమే. అతనికి తెలియనిది ఒక్కటీ లేదు. తెలియక చేశాడేమోనన్న చిన్న ఆశ ఒకటి ఆమె మెట్లు దిగుతూ తెచ్చుకుంది. దాన్ని అక్కడే వదిలేసింది.

గర్భిణి చెయ్యెత్తింది. "ఎంత చేసినా ఇల్లంతా వాసన రాదాండీ?"

"ఈ పద్ధతిలో చేస్తే చుక్క వాసన రాదండీ" అన్నాడు ఆదర్శం. తర్వాత నలుగురినీ నవ్వించాలనిపించింది. "మా ఇంట్లో వాసనంటూ వస్తే అది మా నాన్నగారి గదిలోంచే. పెద్దతనం, ఏం చేస్తాం? ఇద్దరు పసివాళ్ళను పెంచుతున్నాననుకుంటాను."

జనం నవ్వారు. కార్యదర్శి "పాపం" అని జాలిగా తల పంకించింది. డాక్టరమ్మ లేచి నిలబడింది.

"మా మామయ్యగారి దగ్గర ఏ వాసనా లేదు. ఆయన ఈ భవనంలో అందరికంటే శుభ్రమైన మనిషి." గొంతు పెంచలేదు. పన్ను ఎక్కడ పుచ్చిందో రోగికి చెప్పే గొంతే. "నేనిప్పుడే డ్రమ్ము మూత తీసి వచ్చాను. మెషిన్ వెనక సంచులు కూడా చూశాను. నువ్వు చెప్పినవన్నీ నిజమే. ఒక్కటీ చెయ్యలేదు. పైకి రా, ఉతకాలి."

పెళ్ళయినప్పటినుంచీ "మీరు" అన్న నోరు నలుగురిలో "నువ్వు" అనేసరికి ఆదర్శం నీళ్ళు నమిలాడు. "అంటే... ఏదో ఈ వారం కాస్త..." అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గర్భిణి తన ప్రశ్నకు జవాబు దొరికినట్టు బ్యాగు సర్దుకుంది. అతను చేతిలోని కొత్త డైపరు మడత పెట్టబోయి, మడత కుదరక, నలిపి జేబులో కుక్కుకున్నాడు.

ఆ సాయంత్రమంతా అతనితోనే ఉతికించింది ఆమె. ఒక్కొక్కటీ కమోడ్ మీద దులపడం, జాడించడం, వేడినీళ్ళల్లో వెయ్యడం. మధ్యలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చేసుకున్న ప్రతిసారీ ఎవరైనా జాలిపడతారేమోనని తలుపువైపు చూశాడు. తలుపు దగ్గర ఆమె ఉంది. ఆమె చూపు చూసి మళ్ళీ పనిలోకి వంగాడు. బూజు పట్టినవి ఎంత రుద్దినా పోలేదు. వాటిని పారేయక తప్పలేదు. భూమి కోసం కొన్నవాటిలో సగం భూమి మీదికే పోయాయి.

పెద్దాయన వసారా గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పై గుండీ దాకా పెట్టుకుని. చేతిలో ఆ విప్పని కట్ట.

"నాన్నా, పొరపాటైపోయింది" అన్నాడు కొడుకు, చేతులు మోచేతుల దాకా నురగతో.

"పొరపాటు ఆ డ్రమ్ములో ఉన్నది" అన్నాడాయన. "నా మంచం మీద పెట్టినది పొరపాటు కాదు. తెలిసే పెట్టావు." కట్టను వాషింగ్ మెషిన్ మీద పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచు. నాకు వద్దు." వెళ్ళి హాల్లో బల్ల దగ్గర కూచుని, చాలా రోజుల తర్వాత, అందరితోపాటు భోజనం వడ్డించమన్నాడు. కొడుకు వచ్చి ఎదురు కుర్చీలో కూచుంటే అభ్యంతరం చెప్పలేదు. మాట్లాడనూ లేదు.

మర్నాడు డాక్టరమ్మ ఆ డ్రమ్మును చెత్తబండికి ఎత్తించేసి, చిల్లుల బుట్ట ఒకటి తెచ్చి, దాన్ని ఆయన కిటికీకి దూరంగా, గాలి ఆడేచోట పెట్టింది. కిటికీకి కొత్త అద్దాలు వేయించింది. పగలు బుజ్జిదాన్ని చూడడానికి ఒక మనిషిని కుదిర్చింది. గుడ్డలు ఉతకడం మాత్రం ఆదర్శానికే వదిలింది. రోజు విడిచి రోజు క్లినిక్కు నుంచి రాగానే ముందు బుట్ట చూసేది, తర్వాతే చెప్పులు విప్పేది. పాప ఒంటి ఎరుపు పోయింది. ఇంట్లో కంపు పోయింది.

కొన్ని నెలలకు అతనికి ఉద్యోగం దొరికింది. చేరేముందు రోజు సాయంత్రం, ఆమె పాపను నిద్రపుచ్చుతుంటే, పక్కన వచ్చి కూచున్నాడు. ఇంట్లో ఇన్నాళ్ళుగా అవసరమైన మాటలు తప్ప వేరేవి లేవు. వేడినీళ్ళు పెట్టు. తలుపు వెయ్యి. పాలు వచ్చాయా. అతనికి పొగడ్త లేక నోరు పిడచకట్టుకుపోతోంది.

"నా మీద ఇంకా కోపమేనా?" అన్నాడు.

"కోపం లేదు" అంది ఆమె, పాప వీపు మీద చెయ్యి తియ్యకుండా. "కోపమైతే ఈపాటికి తగ్గేది."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ముఖం వికసించింది. లేచి బయటి గదిలోకి వెళ్ళి ఎవరో స్నేహితుడికి ఫోను కలిపాడు. "మా ఆవిడకు కోపం లేదంటరా" అని హుషారుగా చెప్పడం లోపలికి వినిపించింది. "ఎంతైనా బిడ్డను పెంచిన మనిషిని గదా."

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.